రాసిచ్చిన నాయకత్వం

తన ఉత్తరాలు తానే రాసుకునే నాయకుణ్ణి నమ్మకండి. అంత తీరిక ఉన్నవాడు నాయకుడు కాడు, నిరుద్యోగి!

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెప్పవలసి వస్తోందంటే, ఈమధ్య కొందరు చాదస్తులు ఒక గోల మొదలుపెట్టారు. కంపెనీల పెద్దలు డబ్బిచ్చి ఎవరిచేతో రాయించుకుంటున్నారట. కొత్త సంవత్సరం సందేశం, సిబ్బందికి ఓదార్పు, 'జీవితం నాకు నేర్పిన ఏడు పాఠాలు' అన్నీ ఎవరో ఘోస్ట్ రైటర్ చలవేనట. ఇది మోసమట.

మోసం ఎక్కడుందండీ? పెళ్ళి మంత్రాలు పెళ్ళికొడుకు చదువుతున్నాడా? పురోహితుడు చదువుతాడు. పెళ్ళికొడుకు మధ్యమధ్య నీళ్ళు ముట్టుకుని 'మమ' అంటాడు. అంతమాత్రాన పెళ్ళి పురోహితుడిదైపోయిందా? నాయకత్వమూ అంతే. మాట ఒకరిది, 'మమ' ఇంకొకరిది.

నమ్మకం కుదరకపోతే బెంగాల్లోని ఖరగ్‌పూర్ రండి. మలంచాలో దిగి వేణుగోపాల్ గారిల్లు ఏదని ఏ ఆటోవాణ్ణి అడిగినా చూపిస్తాడు. ఆటోవాడి పిల్లల స్కూలు అర్జీ కూడా ఆయనే రాసిపెట్టి ఉంటాడు.

వేణుగోపాల్‌కి రైల్వే ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు. అందులో తన పేరుతో రాసుకున్నవి సెలవు చీటీలు మాత్రమే. మిగతాదంతా ఆఫీసర్లు రాసిందే. అంటే ఈయన రాసి, ఫైల్లో పెట్టి, సంతకం చేయవలసిన చోట పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టి 'పుటప్' చేసేవాడు. ఆఫీసరు ఆ టిక్కు వెతుక్కుని దాని మీద సంతకం గీకేవాడు. రైల్వేలో దీన్ని ఘోస్ట్ రైటింగ్ అనరు. ఆఫీసు పని అంటారు.

అలా పదకొండు మంది ఆఫీసర్లని దాటించాడు. వాళ్ళు రిటైరైన రోజున చదివిన వీడ్కోలు ప్రసంగాలు ఆయనే రాశాడు. వాళ్ళని పొగుడుతూ సిబ్బంది చదివిన సన్మానపత్రాలూ ఆయనే రాశాడు. రెండువైపులా కన్నీళ్ళు పెట్టుకున్నారు. తన వంతు వచ్చేసరికి సన్మానపత్రం రాసేవాడు లేక అదీ తనే రాసుకున్నాడు. మొహమాటం కొద్దీ కాస్త తగ్గించి రాసుకున్నాడని ఇప్పటికీ ఆయన భార్య వాసంతికి కోపం.

"ఏవండీ, రాసినదాని కింద ఒక్కసారైనా మీ పేరు పెట్టుకోరాదా?" అని ఆవిడ ఒకసారి అడిగింది.

"పెడితే రేపు జవాబు నేనే చెప్పాలి కదా," అన్నాడాయన.

చూశారా, వృత్తి రహస్యమంతా ఆ ఒక్క మాటలో ఉంది! సంతకం పెట్టినవాడు రాయలేదు కనక వాడి తప్పు లేదు. రాసినవాడు సంతకం పెట్టలేదు కనక వీడి తప్పూ లేదు. ఇంత నిర్దోషమైన ఏర్పాటు ధర్మశాస్త్రాల్లో కూడా దొరకదు.

రిటైరయ్యాక ఆయన వరండా నిండింది. పొద్దున్నే ఖరిదా పేట నుంచి, ఇంకా ఎక్కడెక్కణ్ణించో మన తెలుగువాళ్ళు కాగితాలు పట్టుకుని వచ్చేవారు. పెన్షన్ కాగితాలు, ఆసుపత్రి చీటీలు, ఇంగ్లీషులో వచ్చిన ఏ ఉత్తరమైనా సరే. ఆయన చదివి తెలుగులో చెప్పేవాడు, జవాబు రాసిచ్చేవాడు. వాసంతి టీ ఇచ్చేది. ఇది రైల్వే ఊళ్ళో రిటైరైన గుమాస్తాకి ఎవరూ ఆర్డరు ఇవ్వకుండానే పడే రెండో ఉద్యోగం.

అక్కడికే ఒకరోజు రాజ్ కిరణ్ కారు వచ్చి ఆగింది.

రాజ్ కిరణ్‌కి నలభై రెండేళ్ళు. గోల్‌బజార్‌లో బట్టల కొట్టు మీద అంతస్తులో 'కెరూబు క్లీన్ సర్వీసెస్' అని ఆఫీసు నడుపుతాడు. హాస్టళ్ళకీ, గెస్ట్‌హౌసులకీ ఊడ్చి తుడిచే మనుషుల్ని పంపడం వ్యాపారం. చేతికింద అరవై మంది. ఇంత కాలం తనని తను కాంట్రాక్టర్ అనుకునేవాడు. ఒక హోటల్లో ఏదో సెమినార్‌కి వెళ్ళొచ్చాక తను లీడర్ అని తెలిసింది.

"అంకుల్, ఫోన్లో పెట్టడానికి లీడర్‌షిప్ పోస్టొకటి యాప్‌తో రాయించి చూసినాను," అన్నాడు కూర్చుంటూనే. "మేదినీపూర్‌లో మా పోటీవాడికి కూడా అది అదే రాసిచ్చింది. వాడు నాకంటే గంట ముందే పెట్టేసినాడు. నాకు మనిషి రాసిందే కావాలి. మీరు వారానికొకటి రాసివ్వండి. నా పేరు మీద వెళ్ళిపోతాది. ఠీక్ హై?"

పన్నెండో ఆఫీసరు దొరికాడని వేణుగోపాల్‌కి లోలోపల సంతోషమే కలిగింది. "అలాగే సార్," అన్నాడు, కొడుకు వయసువాణ్ణి.

మొదటి వారం రాజ్ కిరణ్ తల్లి గురించి రాశాడు. ఆవిడ తెల్లవారకముందే లేచి వాకిలి ఊడుస్తుంటే ఆ చీపురు చప్పుడులో కొడుకు క్రమశిక్షణ నేర్చుకున్నాడని. జనం మెచ్చుకున్నారు. తల్లి మాత్రం చదివించుకుని, "మనింట్లో పనిమనిషి ఉండేది కదరా," అంది. లీడర్లకి ఇంట్లోవాళ్ళ సహకారం ఎప్పుడూ తక్కువే.

రెండో వారం 'ఓటమి నా గురువు'.

"నేనెప్పుడు ఓడిపోయినాను అంకుల్?"

"ఓడిపోయినట్టు రాస్తేనే సార్, గెలిచినట్టు నమ్ముతారు."

ఇలాంటి సలహా మీకు ఏ పెళ్ళాం ఇస్తుంది, ఏ స్నేహితుడు ఇస్తాడు? పదో వారానికి రాజ్ కిరణ్ ఆదివారం చర్చిలోంచి బయటికొస్తుంటే తెలియనివాళ్ళు కూడా చేయి కలపడం మొదలుపెట్టారు. ఆయన విజిటింగ్ కార్డు మీద 'ఫౌండర్' పక్కన 'మోటివేటర్' చేరింది.

పదకొండో వారం 'దయ' మీద రాయాలన్నారు. దయకి ముడిసరుకు కావాలి కదా? ఆఫీసులో అడిగితే సూపర్‌వైజర్ చెప్పాడు, దాలమ్మ అనే ఊడ్చే మనిషి ఆపరేషన్‌కని సెలవు పెట్టిందని. అంతే. వేణుగోపాల్‌కి అది చాలు.

ఆ పోస్టులో దాలమ్మ రాజ్ కిరణ్ టేబులు ముందు నిలబడింది. 'నా పని పోతుందా సార్' అని అడిగింది. రాజ్ కిరణ్ లేచి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. 'అమ్మా, నీ చీపురు ఎవరూ ముట్టుకోరు. నువ్వు వచ్చేదాకా నీ చోటు నీదే' అన్నాడు. 'ఆ రోజు నేను తెలుసుకున్నాను, నాయకత్వమంటే ఒకరి చోటు కాపాడడం' అని ముగింపు.

రాజ్ కిరణ్ జన్మలో దాలమ్మని చూడలేదు. ఆమె చీపురు మూడోరోజునే ఇంకొకరి చేతికి వెళ్ళిపోయింది. కానీ ఆ పోస్టు ఎంత తిరిగిందంటే, దాన్ని ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకి తగిలించారు. నెల తిరిగేసరికి రాజ్ కిరణ్ ఆ సంఘటన నోటితో చెబుతూ గొంతు బొంగురుపోయే దశకి వచ్చాడు. తను చేయని పుణ్యానికి కూడా మనసు కరిగే భాగ్యం సొంతంగా రాసుకునేవాళ్ళకి ఉంటుందా?

పోతే, ఒక చిన్న చిక్కు వచ్చిపడింది. దాలమ్మ నిజం మనిషి.

ఖరిదాలో ఉంటుంది. యాభై నాలుగేళ్ళు. పదకొండేళ్ళుగా ఒక హాస్టల్ రెండో అంతస్తు ఊడుస్తోంది. మొగుడు పోయాడు, కూతురు జెనీ కాలేజీలో చదువుతోంది. ఇల్లు ఆ చీపురు మీదే నిలబడింది. ఆసుపత్రి మంచం మీద ఉండగా జెనీ ఫోన్లో ఆ పోస్టు చదివి వినిపించింది. కంపెనీ బాబు ఎవరో తను ఎరగకపోయినా, తనని ఆయన ఎరిగున్నాడు కదా అని దాలమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ధైర్యంగా ఆపరేషన్‌కి వెళ్ళింది. ఆరువారాలకి లేచి, ఆ పోస్టు ఉన్న ఫోను కూతురి దగ్గర తీసుకుని, పని అడగడానికి ఆఫీసుకి వచ్చింది.

ఆమెని కిందే ఆపేసి సూపర్‌వైజర్ మేడమీదికి కబురు పంపాడు. రాజ్ కిరణ్ వేణుగోపాల్‌కి ఫోన్ చేశాడు.

"అంకుల్, ఆ దాలమ్మకి తీసేసినామని ఒక లెటర్. ఆపరేషన్ అయిన మనుషుల్ని పెట్టుకుంటే రేపు మెట్ల మీద పడితే ఎవరిది జవాబు? కానీ మంచిగా రాయాలి, మొరటుగా వద్దు."

కాదనడంలో వేణుగోపాల్‌ది అందె వేసిన చెయ్యి. 'మీ విన్నపం సానుభూతితో పరిశీలించడమైనది' అని మొదలుపెట్టి ఎందరి అర్జీలని పూలదండలు వేసి సాగనంపాడో. దాలమ్మ పని పోతోందని ఆయనకి తెలుసు. మనసు ఒక్కక్షణం చివుక్కుమంది కూడా. అయినా నిర్ణయం తనది కాదు కదా, తనది మాటలే కదా అనుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు అలా అనుకునే భోంచేశాడు.

ఆ ఉత్తరం ఇంగ్లీషులో నాలుగు పేరాలు. దాలమ్మ పదకొండేళ్ళ సేవని సంస్థ గుండెల్లో దాచుకుంటుందని మొదటి పేరా. ఆమె ఆరోగ్యమే ఇకపై ఆమె మొదటి కర్తవ్యం కావాలని రెండోది. ఆ కర్తవ్యానికి సంస్థ విధులు అడ్డు రాకూడదన్న గాఢమైన కోరికతో ఆమెని ఆశీర్వదిస్తూ మూడోది. నాలుగోదంతా కృతజ్ఞత. రాజ్ కిరణ్ టిక్కు మీద సంతకం చేశాడు.

జెనీ చదివి, "మంచి మాటలే రాసినారమ్మా. నిన్నెప్పుడూ మర్చిపోరంట, నీ ఒళ్ళు జాగ్రత్తంటన్నారు," అని చెప్పింది. ఆ పిల్ల తప్పేం లేదు, ఎక్కడ చదివినా అలాగే ఉంది. దాలమ్మ సోమవారం పొద్దున్న తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని హాస్టల్‌కి వెళ్ళింది. గేటు దగ్గర పేరు లేదన్నారు. వారం రోజులు రోజూ వెళ్ళింది. రోజూ పేరు లేదన్నారు.

ఆ ఆదివారం పొద్దున్న, ఇంగ్లీషు కాగితం ఉన్నవాళ్ళందరూ ఎక్కడికి వెళతారో అక్కడికే వచ్చింది.

"బాబూ, ఇదేటో సదివి సెప్పండి. మంచి మాటలే ఉన్నాయంతాది మా పిల్ల. గేటుకాడ ఆడు పేరు లేదంతన్నాడు."

మడత విప్పక ముందే వేణుగోపాల్‌కి తెలిసిపోయింది. లెటర్‌హెడ్ నీలిరంగు బయటికి కనిపిస్తోంది. తను రాసినదాన్ని తను పంపినచోటు నుంచి తిరిగి ఎవరూ తన చేతిలో పెట్టలేదు ఇంతవరకూ. అసలు తన ఉత్తరాలు ఎవరికో అందుతాయని, అందుకున్నవాళ్ళకి మొహం ఉంటుందని ఆయనకి ఎన్నడూ తోచలేదు.

"నీ ఒంట్లో బాగుండాలని రాశారు," అన్నాడు.

"అది మా పిల్ల సెప్పింది. పని గురించేటన్నారు?"

ఆయన కాగితంలో వెతికాడు. రాసినవాడికే ఒక నిమిషం పట్టింది. మూడో పేరాలో, రెండో వాక్యంలో, కామా తరవాత ఉంది.

"పని లేదు, దాలమ్మా."

ఆమె దగ్గరికి వంగింది. "ఆ మాటెక్కడుంది?"

వేలుపెట్టి చూపించాడు. చదవడం రాకపోయినా దాలమ్మ ఆ చోటు వంక చాలాసేపు చూసింది.

"ఇంత సిన్నదా," అంది.

నేనే రాశానని చెప్పేద్దామనుకున్నాడు వేణుగోపాల్. నోరు రాలేదు. లోపలికి వెళ్ళి వాసంతితో చెబితే, "చెప్పడం రాకపోతే రాయండి, అదైనా వచ్చు కదా," అందావిడ, టీ గ్లాసులు కడుగుతూ.

సరే, ఆమె తరఫున ఇంగ్లీషులో రాశాడు. 'నా చోటు నాదేనని మీరే లోకానికి చెప్పారు. లోకం నమ్మింది, నేనూ నమ్మాను. ఇప్పుడు అది అబద్ధమైతే ఎవరిది అబద్ధమో చెప్పండి' అని. రెండు పేరాలే. సర్వీసు మొత్తం మీద ఆయన రాసిన ఉత్తమమైన ఉత్తరం అదే. అలవాటు కొద్దీ కింద పెన్సిల్‌తో టిక్కు పెట్టాడు. దాలమ్మ దాని మీద వంకరటింకర తెలుగు అక్షరాలతో సంతకం చేసింది, అచ్చం ఆఫీసరులాగే, ఏముందో చదవకుండా.

మూడోరోజున రాజ్ కిరణ్ మండిపడుతూ ఫోన్ చేశాడు.

"అంకుల్, ఇది ఆమె రాసింది కాదు. ఎవడో రాసిచ్చినాడు. పేరు రాయడమే సరిగ్గా రానిదానికి ఇంత ఇంగ్లీషెక్కడిది? ఇది ఛీటింగ్. మనిషన్నాక సొంత మాటుండాలి."

వేణుగోపాల్ పనిలో చేరాక రాజ్ కిరణ్ సొంతంగా అన్న మొదటి మంచి వాక్యం ఇదే.

నేనూ ఆయనతో ఏకీభవిస్తున్నాను. ఘోస్ట్ రైటర్ అనేవాడు లీడర్లకి అలంకారం. ఊడ్చేవాళ్ళకి కూడా రైటర్లు దొరికితే ఇక దేశంలో క్రమశిక్షణ ఏముంటుంది?

"ఆమెనే రమ్మందాం," అన్నాడు రాజ్ కిరణ్. "సొంత నోటితో చెప్పమందాం. మీరు నా పక్కన కూర్చోండి. నేనేటనాలో చీటీ మీద రాసి టేబుల్ కిందనించి అందించండి."

దాలమ్మ గోల్‌బజార్ మేడమెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చింది. టేబులుకి అవతల రాజ్ కిరణ్, పక్కన పెన్నూ కాగితాలూ పెట్టుకుని వేణుగోపాల్. ఈయన్ని చూసి ఆమె మొహం విప్పారింది. తన కోసం వచ్చాడనుకుంది.

మొదటి చీటీ ముందే అందింది. "దాలమ్మగారూ, మీరు మా కుటుంబ సభ్యులు," అన్నాడు రాజ్ కిరణ్. తరవాత చీటీతో పని లేని ప్రశ్న ఒకటి ఉంది. "ఈ లెటర్ ఎవరు రాసినారు?"

"నాకు రాయడం రాదు కదా బాబూ. ఈ బాబుగారే రాసినారు."

రాజ్ కిరణ్ తల తిప్పాడు. "అంకుల్, మీరు నాకు రాస్తూ..." అని, ఆగిపోయాడు. కానీ మాట దాటిపోయింది. దాలమ్మకి చదువు లేదు గానీ తెలివికేం లోటు లేదు. గోడమీద ఫ్రేముని చూసింది, వేణుగోపాల్ చేతిలో పెన్ను చూసింది.

"ఈ బాబుకీ మీరేనేటి రాసేది?"

వేణుగోపాల్ ముందున్న కాగితాలు సర్దాడు.

"నాకు పని లేదని రాసింది కూడా మీరేనేటి?"

వేణుగోపాల్ అటూ ఇటూ చూశాడు. పదకొండు మంది ఆఫీసర్లలో ఒక్కడు లేడు అడ్డంగా నిలబడడానికి.

"నేనే, దాలమ్మా."

"బాగా రాసినారు బాబూ," అంది ఆమె, వెటకారం లేకుండా. "ఇంటిల్లిపాదీ మంచి కబురే అనుకున్నాం."

చెంప మీద కొట్టినా ఆయనకి అంత నొప్పి ఉండేది కాదు. ఆమె అప్పటికే రాజ్ కిరణ్ వైపు తిరిగింది.

"మీరు సెప్పండి బాబూ. నాకు పనుందా, లేదా? సిన్న మాటే కదా."

టేబుల్ కింద రాజ్ కిరణ్ చేయి చీటీ కోసం తెరుచుకుంది. వేణుగోపాల్ పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చేయి మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. ఏమీ రాలేదు.

"అంటే, చూడు దాలమ్మా..." అన్నాడు రాజ్ కిరణ్. "మన కంపెనీ..." అన్నాడు. నాలుగు పేరాల్లో అంత హాయిగా నడిచిన మాట, మనిషి ఎదురుగా నిలబడితే పెదవి దాటడం లేదు. ఆమె కుట్లు వేసినచోట చేత్తో అదిమిపట్టుకుని, కదలకుండా, జవాబు కోసం చూస్తోంది.

"కూర్చో," అన్నాడు చివరికి. తరవాత, "నొప్పుందా?"

"మెట్లెక్కితే ఉంతాది."

"సోమవారం నించి రా. కింది అంతస్తులో వేయమంటాను."

అదీ సంగతి! చూశారా ఎంత ఘోరం జరిగిందో? ఒక లీడర్, ఇన్ని వారాలుగా దయ గురించీ ధైర్యం గురించీ లోకానికి బోధించి ఏ ఒక్కరికీ ఏమీ చేయవలసిన అవసరం లేకుండా నెగ్గుకొచ్చినవాడు, ఐదు నిమిషాలు రైటర్ లేకుండా ఉండేసరికి మనిషైపోయాడు. అరవై మందితోనూ ఇలాగే ముఖాముఖి మాట్లాడితే ఆ వ్యాపారం ఏం కాను? ఊళ్ళో పెద్దలంతా ఇలా సొంత నోళ్ళు వాడడం మొదలుపెడితే మన గతేమిటి?

వేణుగోపాల్‌ని మాత్రం మర్నాడే మానిపించారు. మానిపిస్తున్నట్టు ఉత్తరం కావాలి కదా, అది రాయడం కూడా ఆయనకే అప్పజెప్పారు. ఈసారి ఆయన రెండే మాటల్లో తేల్చేశాడు: 'పని లేదు.' ఇంకొకరి కోసం రాసినదాని కింద మొదటిసారి తన పేరు పెట్టి, దాని పక్కన రాజ్ కిరణ్ సంతకానికి చోటు వదిలాడు.

రాజ్ కిరణ్ ఇప్పుడు ఇంకో రైటర్ కోసం చూస్తున్నాడు. మంచి భాష ఉన్నా లేకపోయినా ఫరవాలేదట. షరతు ఒక్కటే. ఆ మనిషికి ఖరగ్‌పూర్‌లో ఎవరూ తెలిసి ఉండకూడదు.